తాపా నుండి బ్రించాంగ్ శిఖరానికి

విద్యార్థులారా! మన పేరాక్ రాష్ట్ర పటాన్ని తెరచి, తాపా పట్టణంపై వేలు పెట్టండి. అక్కడి నుండి కొండల వైపు వంకరలు తిరుగుతూ పోయే సన్నని గీత కనబడుతుంది. అది కామెరాన్ హైలాండ్స్‌కు పోయే పాత రహదారి. 1885లో ఈ కొండలను కొలిచి పటం గీయడానికి వచ్చిన విలియం కామెరాన్ పేరే ఆ ప్రాంతానికి స్థిరపడినది. ఆయన వచ్చిననాడు అక్కడ రోడ్డు లేదు. మేము వెళ్ళిననాడు ఉన్నది. అయినను ఎక్కడం సులభం కాలేదు.

అప్పుడు నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. ఒక సెలవులో మేము ఆరుగురం మిత్రులం సైకిళ్ళపై బయలుదేరాము. నేను పుట్టినది దిగువ పేరాక్‌లోని ఒక కొబ్బరితోటలో. అక్కడ నేల చాప పరచినట్లు ఉంటుంది; కాలువ గట్టే మాకు తెలిసిన కొండ. తాపా నుండి తానా రాతాకు సుమారు 60 కిలోమీటర్లు. దారి పొడవునా ఎక్కుడే. లాతా ఇస్కందర్ జలపాతం చేరేసరికి నా కాళ్ళు నా మాట వినడం మానివేశాయి. రోడ్డు పక్కనే, నున్నని బండలపై నుండి నీరు హోరున దూకుతున్నది. ముఖం కడుగుకొని, చాలాసేపు ఆ దూకుడునే చూస్తూ కూర్చున్నాను.

మా బృందానికి ఒక నియమం ఉండేది: అందరికంటె నెమ్మదిగా తొక్కేవాడే ముందు పోవలెను. వేగం గలవాడు ముందుంటే బృందం తాడు తెగిన పూసలవలె చెదరిపోతుంది. ఆ ముందు స్థానం రోజంతా నాకే దక్కినదని వేరుగా చెప్పనక్కరలేదు!

ఎత్తుకు పోయినకొలది గాలి చల్లబడుతుంది. ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. తాపాలో చెమటతో తడిసిన చొక్కా, రింగ్లెట్ చేరేసరికి వీపుకు చలి పుట్టించినది.

మరునాడు సైకిళ్ళను బ్రించాంగ్ పట్టణంలో ఉంచి, 1వ నంబరు అడవిబాటన కాలినడకన బయలుదేరాము. బ్రించాంగ్ శిఖరం ఎత్తు 2,000 మీటర్లకు పైమాటే. పైవరకు తారు రోడ్డు కూడ ఉన్నది. ఆ సంగతి తెలిసియే మేము వేళ్ళు పట్టుకొని, బురదలో జారుతూ ఎక్కాము. వయసు అటువంటిది.

పైకి పోగా అడవి రూపమే మారినది. ఎప్పుడూ మేఘాలు కమ్మి ఉండే ఆ ఎత్తున చెట్లు పొట్టిగా, వంకరగా ఉంటాయి. ప్రతి కొమ్మకు నాచు మందంగా పట్టి ఉంటుంది. గుప్పెడు నాచు పిండితే నీరు కారుతుంది. పురుగులను పట్టి జీర్ణం చేసుకొనే కూజా మొక్క కూడ అక్కడ పెరుగుతుంది. మలయ్‌లో దానిని ‘పెరియుక్ కెరా’, అనగా కోతి కుండ, అంటారు.

దిగేటప్పుడు ఆ కూజాలోనికి తొంగిచూడాలని నేను బాట విడిచాను. పది అడుగులే. తల ఎత్తేసరికి మంచు కమ్మినది. బాట లేదు, మాటలు లేవు. ఎటు చూచినా ఒకే నాచు, ఒకే వేళ్ళు.

కింద ఎక్కడో సెలయేటి చప్పుడు వినవచ్చినది. మా తోటలో ఏ కాలువ గట్టు పట్టుకొని నడచినా ఎవరో ఒకరి ఇల్లు తగులుతుంది. అందుచేత నీటి వైపు నాలుగడుగులు వేశాను. అంతలో ముందురోజు చూచిన లాతా ఇస్కందర్ గుర్తుకు వచ్చినది. కొండలో నీరు గట్టు వెంట పారదు. బండలపై నుండి దూకుతుంది. దాని వెంట పోతే నేనూ దూకవలసినదే.

జిమ్ థాంప్సన్ కూడ జ్ఞాపకం వచ్చాడు. థాయ్ పట్టు వ్యాపారంలో పేరుపొందిన ఆ అమెరికన్ 1967 మార్చి 26న తానా రాతాలో ఒక బంగళా నుండి బయటకు వెళ్ళి తిరిగిరాలేదు. సైనికులు, పోలీసులు, అడవి తెలిసిన ఒరాంగ్ అస్లీ ప్రజలు వెదకినను జాడ దొరకలేదు.

నేను ఒక చెట్టు మొదట కూర్చున్నాను. ఈల మూడుసార్లు ఊది, ఆగి, మరల మూడుసార్లు ఊదాను. భయంతో నోరు ఎండిపోయినది. ఎంతసేపు గడచినదో చెప్పలేను.

అక్కడ బాటపై నా మిత్రులు ప్రతి మలుపులోను చేసే పనినే చేశారు. ఒక్కొక్కరు తన అంకె పలకవలెను: సాతు, దువా, తిగా, అంపత్, లిమా. తరువాత నిశ్శబ్దం. ఆరు నాది. పూర్వం తోటలలో తెల్లవారుజామున పెరట్టు వేళ కూలీలను లెక్కించేవారని మా తాతగారు చెప్పేవారు. అది ఆ నాటి కూలి కోసం వేసే లెక్క.

వారు వచ్చిన దారినే వెనుకకు నడిచి, మలుపు మలుపున ఆగి, మరల అంకెలు పలికారు. మంచులోనుండి ‘లిమా’ అన్న కేక సన్నగా వినబడినది. “ఎనమ్!” అని నేను అరచిన అరుపుకు పక్షులు లేచిపోయాయట. నాకు అవేవీ వినబడలేదు.

ఈ సెలవులలో ఆరవ తరగతివారు అడవిబాటన నడవబోతున్నారు కదా! వచ్చే తరగతిలో ఎవరి అంకె ఏదో నిర్ణయించుకుందాము. ఈల మీ మెడలో వ్రేలాడుతూ ఉండవలెను, సంచి అడుగున కాదు. ముందు నడిచేవారిని కూడ ఆనాడే ఎంచుకుందాము. నాకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పి. ఆ స్థానానికి నేను కూడ పోటీలో ఉన్నాను.