గంజాయిని చట్టం ఒప్పుకుంటే హాని పోతుందా?



ఈ మధ్య ఓపీలోనూ వార్డులోనూ తల్లిదండ్రులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరమ్మా, అమెరికాలో గంజాయికి ఓట్లేసి ఒప్పుకున్నారంట కదా, అక్కడ మంచిదైంది ఇక్కడ చెడ్డదెట్లా అవుతుంది? మా వాడు ఫోన్లో చూపించి వాదిస్తా ఉన్నాడు, ఏం చెప్పాలో తెలియడం లేదు" అంటారు. పుత్తూరు, తిరుపతి కాలేజీలకు పిల్లకాయలను పంపే ఇళ్లకూ, అమెరికాలో బిడ్డలున్న ఇళ్లకూ ఇది అవసరమైన ప్రశ్నే. అందుకే ఈ నెల పాఠంగా దీనినే తీసుకున్నాము.

1. అమెరికాలో జరిగింది ఏమిటి?

అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలో ఒక చట్టం కావాలా వద్దా అనే ప్రశ్నను ఎన్నికల రోజున ప్రజల ముందే పెడతారు. ఈ విధంగా కాలిఫోర్నియా 1996లో వైద్యం కొరకు గంజాయిని అనుమతించింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు పెద్దలు సరదాకు వాడడాన్ని కూడా ఒప్పుకున్నాయి. 2016లో కాలిఫోర్నియా, 2020లో మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ అదే దారి పట్టాయి. న్యూజెర్సీలో నూటికి 67 మంది వరకు ఔనన్నారు.

అయితే ప్రతిచోటా ఔనని రాలేదు. ఫ్లోరిడాలో 2024 నవంబరులో ఇదే ప్రశ్న పెట్టగా నూటికి 56 మంది దాకా ఒప్పుకున్నారు. అక్కడి నియమం ప్రకారం 60 మంది ఒప్పుకోవాలి గనుక అది వీగిపోయింది. థాయిలాండ్ 2022లో గంజాయిని విడిచిపెట్టి, 2025లో డాక్టరు చీటీ ఉండాలని మరల నిబంధన పెట్టింది.

అమెరికాలో బిడ్డలున్నవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒప్పుకున్న రాష్ట్రాలలో కూడా 21 ఏళ్లు నిండనివారికి సరదా గంజాయి అమ్మకూడదు. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్ర చట్టం సరదా వాడకాన్ని ఒప్పుకోలేదు, వీసాలు ఇచ్చేది కేంద్రమే. కనుక చదువు వీసా మీద ఉన్న బిడ్డ వాడినానని ఒప్పుకున్నా చిక్కులో పడవచ్చు.

2. మన దేశంలో సంగతి

గంజాయి మనకు కొత్తది కాదు. బ్రిటిషువారు 1893లో దీని మీద ఒక కమిషన్ వేశారు. మితంగా వాడేవారిలో ఎక్కువమందికి పెద్ద హాని కనబడలేదనీ, అతిగా వాడితే హాని అనీ, పూర్తిగా నిషేధించకుండా పన్ను వేసి అదుపులో ఉంచాలనీ ఆ కమిషన్ 1894లో చెప్పింది. చాలాకాలం అలాగే నడిచింది. 1985లో వచ్చిన మాదక ద్రవ్యాల చట్టం గంజాయిని దేశమంతటా నేరం చేసింది. పూత, కాయ ఉన్న కొనలనే చట్టం గంజాయి అంటుంది. ఉత్త ఆకు దానిలోకి రాదు గనుక కొన్ని రాష్ట్రాలలో భంగు అమ్ముతారు.

ఈ చట్టం కింద తాగినందుకు 6 నెలల వరకు జైలు గానీ, 10 వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 20 కిలోలు మించి దగ్గర దొరికితే 10 నుండి 20 ఏళ్ల శిక్ష. "ఈ బ్యాగు చెన్నైకి చేర్చు, ఖర్చులకు ఇస్తాము" అనే మాట విని జీవితం పోగొట్టుకునే పిల్లవాడి మీద పడేది ఈ శిక్షే.

మన రాష్ట్రంలో విశాఖ ఏజెన్సీ కొండలలో ఈ పంట ఎంతగా పాకిందో అందరికీ తెలుసు. ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు కాల్చివేశారు. 2024 నవంబరులో ప్రభుత్వం ఈగల్ అనే ప్రత్యేక విభాగాన్ని పెట్టింది.

3. ఇరుపక్షాల వాదన

ఒప్పుకోవాలనేవారు మూడు మాటలు చెబుతారు. సారాయి, సిగరెట్టు అమ్ముతూ దీనిని మాత్రం ఆపడం న్యాయం కాదంటారు. జైలుకు పోయేది పేదపిల్లలే గానీ వ్యాపారి కాదంటారు. గంజాయిలో మందు ఉందంటారు. ఇవి కొట్టిపారేసే మాటలు కావు. గంజాయి మొక్క నుండి తీసిన కానబిడియాల్ అనే మందును పిల్లలలో వచ్చే రెండు రకాల కఠినమైన మూర్ఛలకు అమెరికా 2018లో అనుమతించింది. కానీ అది శుద్ధిచేసి, కొలిచి, డాక్టరు చెప్పిన మోతాదులో ఇచ్చే మందు. నల్లమందు నుండి మార్ఫిన్ వచ్చినంత మాత్రాన నల్లమందు తినమని ఎవరూ చెప్పరు కదా!

వద్దనేవారు సారాయి సంగతినే తిప్పి చెబుతారు. ఒకటి ఇళ్లు కూల్చుతుంటే రెండోది కూడా తెరవడం ఎందుకంటారు. మన రాష్ట్రంలో ఇటువంటి ఓటు ఎన్నడూ జరగలేదు. అయినా ప్రజలు తీర్పు చెప్పిన సందర్భం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం వలన 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. కష్టం మోసేది ఎవరో వారి మాట మొదట వినాలని ఆ ఉద్యమం నేర్పింది. గంజాయి విషయంలో కూడా అలా మోసేది ఇంట్లోని తల్లి, భార్య, చెల్లెలే.

4. శరీరం చట్టం చదవదు

ఎవరిని శిక్షించాలో చట్టం చెబుతుంది. మెదడుకు ఏమవుతుందో చెప్పేది వైద్యం. ఈ రెండింటిని కలిపివేయకూడదు.

గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. పొగ పీల్చిన కొన్ని నిమిషాలకే గుండె వేగం పెరుగుతుంది, కండ్లు ఎర్రబడతాయి, కాలం, దూరం సరిగా తెలియవు. ఆ స్థితిలో బండి నడిపితే తనకే కాదు, రోడ్డు మీద పోయేవారికీ ప్రమాదం. చాక్లెట్ల రూపంలో తింటే అరగంట నుండి రెండు గంటల వరకు ఏమీ తెలియదు. పని చేయలేదనుకొని ఇంకా తింటారు. చిన్నబిడ్డ పొరపాటున తింటే మగతలో పడిపోతుంది, వెంటనే క్యాజువాలిటీకి తీసుకొనిరావాలి. ఏమి తిన్నదో దాచకుండా చెప్పాలి.

మెదడు సుమారు 25 ఏళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. అందుకే 15 ఏళ్లకు మొదలుపెట్టినవాడికి 40 ఏళ్లకు మొదలుపెట్టినవాడికంటె నష్టం ఎక్కువ. వాడినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి అది వ్యసనమవుతుంది, చిన్న వయసులో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరికి. 2019లో యూరప్‌లో జరిగిన ఒక పరిశోధనలో, ఘాటైన గంజాయి రోజూ తాగేవారిలో మతిభ్రమణం అసలు తాగనివారికంటె దాదాపు ఐదింతలు కనబడింది. లేని మాటలు వినబడడం, అందరూ తనను చంపుతారని అనుమానించడం దీని లక్షణాలు. ఇటువంటి బిడ్డకు దయ్యం పట్టిందని నెలలు గడపకండి. ప్రార్థన చేయండి, ఆ వారంలోనే డాక్టరుకూ చూపించండి.

గంజాయి తాగిన ప్రతివాడూ పాడైపోతాడని మేము చెప్పడం లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వే ప్రకారం భంగుతో కలిపి ఏడాదిలో వాడినవారు సుమారు 3 కోట్ల 10 లక్షలు. వారిలో సహాయం అవసరమైనవారు సుమారు 72 లక్షలు. మీ బిడ్డ ఏ లెక్కలోకి వస్తాడో ముందుగా ఎవరూ చెప్పలేరు.

5. ఇంట్లో ఏమి చేయాలి?

గుర్తులు: ఎర్రని కండ్లు, బట్టలలో కాలిన ఆకు వాసన, చదువులో వెనుకబాటు, పాత స్నేహితులను వదలడం, లెక్క తెలియని డబ్బు ఖర్చు. వీటిలో ఒకటి కనబడినంతనే నేరం మోపకండి. కొన్ని కలిసి కనబడితే కూర్చోబెట్టి మాట్లాడండి.

కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. మానిన ఒకటి రెండు రోజులలో చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం మొదలై మొదటి వారంలో ఎక్కువవుతాయి. సాధారణంగా రెండు మూడు వారాలలో తగ్గుతాయి. ఈ సమయంలో కోపం చూసి "వీడు మారడు" అని విడిచిపెట్టవద్దు.

పోలీసులకు భయపడి దాచకండి. తనకు తానే ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ గుర్తింపు పొందిన కేంద్రంలోగానీ చికిత్సకు చేరిన వ్యసనపరుడికి, వాడినందుకు లేదా కొద్దిపాటి పరిమాణం దగ్గర ఉన్నందుకు కేసు నుండి రక్షణ ఈ చట్టంలోనే 64ఏ సెక్షనులో ఉంది. చికిత్సను మధ్యలో మానివేస్తే ఆ రక్షణ పోవచ్చు.

తిరుపతి రుయా ఆసుపత్రి, వేలూరు సీఎంసీ వారి బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రం మనకు అందుబాటులో ఉన్నవే. వ్యసనం గురించి 14446, మానసిక బాధకు 14416, అమ్మకాల సమాచారం చెప్పడానికి 1972 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కుటుంబంగా కూర్చొని మాట్లాడుకోవడానికి:

1. చట్టం ఒప్పుకున్నవన్నీ మన ఇంటికి మంచివేనా? సారాయి విషయంలో మనకున్న అనుభవం ఏమిటి?

2. మన బిడ్డ తప్పు చేస్తే మొదట మన దగ్గరకే వచ్చి చెప్పగలడా? చెప్పలేకపోతే అడ్డుగా ఉన్నది ఏమిటి?

3. మన వీధిలో ఒక ఇంట్లో ఈ కష్టం ఉంటే మనం వేలెత్తి చూపుతున్నామా, వారితోపాటు ఆసుపత్రికి నడుస్తున్నామా?