అప్పు తీర్పజాలని యేట పట్టాదారు నడచుకొనవలసిన రీతి

నారాయణఖేడు ప్రాంతపు పట్టాదారులకు తెలియజేయునదేమనగా: వానలు తప్పి జొన్న, కంది చేతికి రాని యేట సాహుకారు మనిషి వాకిట నిలిచినప్పుడు రైతు సాధారణముగా పెరటిదారిన పొలమునకు పోవును, లేదా అడిగినచోట వ్రేలిముద్ర వేయును. మొదటిది మాట పోగొట్టును. రెండవది ఇల్లు ముంచును.

నోటు తిరగవ్రాయు సంగతి ముఖ్యముగా చెప్పవలసియున్నది. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి 10,000 రూపాయలు తెచ్చినవానికి మూడేండ్లకు 7,200 మిత్తి యగును. సాహుకారు 17,200 రూపాయలకు క్రొత్త నోటు వ్రాయించుకొనును. నాటినుండి మిత్తికి మిత్తి నడచి, మరి మూడేండ్లకు బాకీ 29,584 రూపాయలకు చేరును. పాత నోటుమీదనే లెక్క సాగినచో 24,400 మాత్రమే. తక్కిన 5,184 రూపాయలు ఒక్క వ్రేలిముద్ర వెల.

సాహుకారు తొందరకును కారణము లేకపోలేదు. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము నోటు తేదీనుండి మూడేండ్లు దాటిన దావా చెల్లదు. అతని భయము తీర్పుటకు క్రొత్త నోటు అక్కరలేదు. గడువులోపల, ఇచ్చిన కొద్ది పైకమును పాత నోటు వెనుక చెల్లు వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసిన మరి మూడేండ్ల గడువు దొరకును. అసలు పెరుగదు. రైతు ఆ చెల్లుకు నకలు వ్రాసికొని రసీదు పుచ్చుకొనవలెను. లెక్క అడుగుట సాహుకారును అవమానించుట కాదు. ఈ తాలూకా బీదరు జిల్లాలో నున్నప్పుడే, 1349 ఫసలీలో (1939-40) నైజాము సంస్థానపు శాసనము వడ్డీవ్యాపారులు లెక్కలుంచవలెనని విధించెను.

కోర్టు డిక్రీ లేక ఎవరును ఎడ్లను విప్పుకొనిపోరాదు. డిక్రీ వచ్చినను, 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ననుసరించి వంటపాత్రలు, నాగలి మొదలగు పనిముట్లు, జీవనమునకు కావలసినవని కోర్టు తలచిన ఎడ్లు, విత్తనములు, రైతు కాపురముండు ఇల్లు జప్తు కారాదు. ఇల్లే తాకట్టు పెట్టినచో ఈ రక్షణ లేదు. పొలమునకు మొదలే లేదు. కావున సమను అందినవాడు వాయిదానాడు తప్పక హాజరై, కిస్తులు కోరవలెను. హాజరు కానివానిపై ఏకపక్షముగా డిక్రీ యగును. పిమ్మట అమీనాతో మొరపెట్టుకొని ఫలము లేదు.

బ్యాంకు బాకీ వసూలుకు వచ్చువారు ఉదయము 8 గంటలకు ముందును, రాత్రి 7 గంటల తరువాతను ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆజ్ఞాపించినది. బెదిరింపు జరిగినచో తేదీ, వేళ, అన్నమాటలు వ్రాసి, ముందుగా ఆ బ్యాంకుకే లిఖితపూర్వకముగా తెలుపవలెను. ఆ కాగితమును, చెల్లుల నకళ్లను, రసీదులను పట్టాదారు పాసుపుస్తకముతో ఒక్కచోటనే ఉంచవలెను.