గాలికి నిలిచే మేడలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో దుబాయి పేరు వినని పల్లె ఉండదు. సెంట్రింగు కొట్టి, కడ్డీలు కట్టి, కాంక్రీటు పోసే పనులకు ఇక్కడి నుండి వేలాదిమంది గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళారు. అక్కడ లేచిన ఆకాశహర్మ్యాలకు తమ బరువును మోయడం ఒక ఎత్తు, గాలిని తట్టుకోవడం మరొక ఎత్తు.

నేల సమీపాన చెట్లు, ఇండ్లు గాలి వేగాన్ని అడ్డగిస్తాయి. పైకి పోయినకొద్దీ ఆ ఆటంకం తగ్గి వేగం హెచ్చుతుంది. వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. అయితే ఎదురుగా తోసే గాలి కంటె పక్కల సుడి తిరిగే గాలే ఎక్కువ చిక్కు తెస్తుంది. భవనపు ఇరుపక్కల నుండి సుడులు ఒకదాని తరువాత ఒకటిగా విడివడుతూ దానిని అటూ ఇటూ ఊపుతాయి. ఆ లయ భవనం సహజంగా ఊగే లయతో కలిసిందంటే, అదను చూసి తోసిన ఊయల వలె ఊపు పెరుగుతూ పోతుంది. భవనం కూలకపోయినా పై అంతస్తులలోని వారికి తల తిరుగుతుంది.

ఇక్కడే ఉక్కు, కాంక్రీటుల పొత్తు అక్కరకు వస్తుంది. ఉక్కు లాగుడును తట్టుకుంటుంది. కాంక్రీటు నొక్కుడును భరిస్తుంది, ఊపును కొంత మింగుతుంది. పడుగు పేకల సంగతి తెలిసిన సిరిసిల్ల నేతగానికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఉక్కు గొట్టంలో కాంక్రీటు నింపితే గొట్టం లోపలికి నొక్కుకుపోదు, కాంక్రీటు వెలుపలికి చిట్లదు. తైవాన్‌లో 2004లో పూర్తయిన 508 మీటర్ల తైపే 101 భవనపు మహాస్తంభాలను 62వ అంతస్తు వరకు ఇట్లే నింపారు. మూలలను మెట్లు మెట్లుగా మలచి సుడులను బలహీనపరిచారు. అంతటితో తృప్తి చెందక 660 టన్నుల ఉక్కు గోళాన్ని పై అంతస్తులలో వేలాడదీశారు. భవనం ఒకవైపు ఊగితే అది ఎదురు ఊగుతూ ఊపును హరిస్తుంది. 2015 ఆగస్టు తుఫానులో ఆ గోళం దాదాపు మీటరు దూరం కదిలింది.

దుబాయిలో 2010లో ప్రారంభమైన బుర్జ్ ఖలీఫాది మరొక దారి. 828 మీటర్ల ఆ కట్టడంలో దిగువ భాగం కాంక్రీటు, శిఖర భాగం ఉక్కు. దానికి మూడు రెక్కలు. పైకి పోయేకొద్దీ అవి ఒక్కొక్కటే కురచబారతాయి. ఒక్కొక్క ఎత్తున వెడల్పు వేరు కావడం చేత సుడులు ఒకే లయలో పుట్టవు. నమూనాలను గాలి సొరంగంలో పదేపదే పరీక్షించి ఈ రూపాన్ని తీర్చారు.

కట్టే కాలంలో మాత్రం ఈ రక్షణలేవీ పూర్తిగా అమరి ఉండవు. గోడలు రాని అంతస్తున గాలి మనిషికి సూటిగా తగులుతుంది. క్రేనుకు వేలాడే పలక తెరచాప వలె తిరుగుతుంది. దానిని తాడు పట్టి నిలిపేది కూలివాడే. అందుకే గాలి హద్దు మీరగానే క్రేను ఆపాలన్న నియమం పెట్టారు.