ఆరు నెలల్లో జర్మన్ వస్తుందా?

ప్రశ్న: నర్సుగా పనిచేస్తున్నాను. డ్యూటీ అయ్యాక రోజూ గంట చదివితే ఆరు నెలల్లో జర్మన్ బి2 పరీక్ష గట్టెక్కగలనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కష్టమే. అక్షరాల నుంచి మొదలుపెట్టి బి2 స్థాయి చేరడానికి జర్మన్ నేర్పే సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా 600 నుంచి 800 పాఠాలు, ఒక్కోటి 45 నిమిషాలు. అంటే తక్కువలో తక్కువ 450 గంటలు. రోజుకో గంట చొప్పున ఆరు నెలలకు 180 గంటలే అవుతాయి. పదిహేను నెలలకు సిద్ధపడటం మంచిది.

అలాగని ఆదివారాలు ఏకబిగిన కూర్చుంటే లాభం లేదు. నేర్చింది ఎంత వేగంగా మరచిపోతామో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపాడు. మొదటి రోజే చాలావరకు జారిపోతుంది. కొత్త మాటల్ని మర్నాడు, మూడోనాడు, వారం తిరిగాక మళ్లీ తిరగేయాలి.

నామవాచకాన్ని ఒంటరిగా బట్టీ పట్టకూడదు. లింగాన్ని తెలిపే డేర్, డీ, డాస్‌లలో దాని ముందు ఏదొస్తుందో కలిపే పలకాలి.

తెలుగువారికి ఒక వెసులుబాటుంది. జర్మన్ ఉపవాక్యాల్లో క్రియ చివరికి వస్తుంది. అది మనకు అలవాటైన వరసే.

నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, మందులేం వాడుతున్నారు అని రోగిని అడిగే ప్రశ్నలను జర్మన్‌లో పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. ముందు ఒక మెట్టు కిందనున్న బి1 పరీక్ష రాస్తే లోటుపాట్లు బయటపడతాయి.