గ్రిల్‌కు సోకు చేయండి, గాలి మాత్రం ఆపకండి

ప్రశ్న: నాది బొలేరో పికప్. టమాటా లోడ్లు తోలుతుంటాను. రాత్రి పూట పురుగులు, టిప్పర్ల వెనక ఎగిరే కంకర వచ్చి రేడియేటర్‌కు తగులుతున్నాయి. గ్రిల్‌కు ఇంట్లోనే జాలీ కడదామంటే మా తమ్ముడు దోమల జాలీ తెచ్చాడు. అది సరిపోతుందా?
– ఒక డ్రైవర్, మదనపల్లె

జవాబు: దోమల జాలీ వద్దండీ. రేడియేటర్‌కూ, ఏసీ ఉంటే దాని కండెన్సర్‌కూ చల్లగాలి అందేది గ్రిల్ గుండానే. ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు బండి నెమ్మదిస్తుంది, ఇంజను మీద భారం పెరుగుతుంది. ఎదురుగాలి ఉండదు కాబట్టి ఫ్యాను లాగే గాలే దిక్కు. సన్నకన్నాల జాలీ అసలే గాలిని అడ్డుకుంటుంది. పురుగులూ దుమ్మూ పేరుకున్నాయంటే ఇక పూర్తిగా పూడుకుపోతుంది. ఇంజను వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయిందంటే మీ కిరాయిలన్నీ దానికే చెల్లు.

10 నుంచి 12 మి.మీ. కన్నాలున్న అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ తీసుకోండి. ముందు అట్ట మీద కొలత గీసుకుని, రేకు కత్తెరతో కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేయండి. గ్రిల్ వెనక వైపున కేబుల్ టైలతో బిగించండి. రేడియేటర్ రెక్కలకు ఎక్కడా ఆనకుండా రెండు వేళ్ల ఎడం ఉండాలి. మొదటిసారి లోడుతో ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు మీద కన్నేసి ఉంచండి. మామూలు కంటే పైకి పోతుంటే జాలీ తీసేయాల్సిందే.

ప్రశ్న: మా పికప్ గ్రిల్ మీద క్రోమ్ పొరలుగా లేస్తోంది. మ్యాట్ బ్లాక్ వేద్దామని స్ప్రే డబ్బా కొన్నాను. ఊడదీయకుండా కాగితాలు అంటించి కొట్టేయవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఊడదీసే కొట్టండి. బండి మీద ఉండగా కొడితే సందుల్లోకి రంగు చేరదు, పొగమంచులాంటి తుంపర వెళ్లి రేడియేటర్ మీద పడుతుంది. బోల్టులు విప్పాక క్లిప్పులను స్క్రూడ్రైవర్‌తో కాకుండా ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లేపండి. ఎండకు పెళుసెక్కినవి విరగడం మామూలే, నాలుగు కొత్తవి దగ్గర పెట్టుకోండి.

రంగు నిలిచేదీ ఊడేదీ కింది పనిని బట్టే. గ్రిల్‌ను సబ్బునీళ్లతో కడిగి, పాలిష్ జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. లేచిన క్రోమ్ బ్లేడులా కోస్తుంది, గ్లౌజులు తప్పనిసరి. లేచిన పొరంతా తీసేసి, 400 నంబర్ వాటర్ పేపర్‌తో తళుకు పూర్తిగా చచ్చేదాకా, తర్వాత 600తో తడిపి రుద్దండి. వేలితో తడిమితే అంచు తెలియకూడదు. ఆ తర్వాత అడ్హెషన్ ప్రమోటర్, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు. డబ్బాను 25-30 సెం.మీ. దూరంలో పట్టుకుని పల్చగా మూడు కోటింగులు వేయండి. ఒక్కోదానికి మధ్య 10-15 నిమిషాలు ఆగండి. ఒకేసారి దట్టంగా కొడితే కారిపోతుంది.

మీది సముద్రతీరం. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొడితే రంగు మీద తెల్లటి మసక కమ్ముతుంది. ముసురు వదిలిన, పొడిగా ఉన్న పూట చూసుకోండి. గాలి ధారాళంగా ఆడేచోట, పొయ్యికి దూరంగా, ఆర్గానిక్ వేపర్ మాస్కు పెట్టుకుని కొట్టండి. గుడ్డ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు. ఒక రోజంతా ఆరాకే బిగించండి, వారం దాకా ప్రెషర్ వాటర్ కొట్టించకండి.

ప్రశ్న: నా ఎఫ్-150కి ర్యాప్టర్‌లా స్టీల్ మెష్ గ్రిల్, మూడు ఆంబర్ లైట్లు నేనే పెట్టుకోవాలనుంది. జాగ్రత్తలు చెప్పగలరా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఎఫ్-150లోనే వెడల్పైన మోడల్ ర్యాప్టర్. దాని మీద ఆ మూడు దీపాలు సోకు కోసం పెట్టినవి కావు. 80 అంగుళాలు, అంతకు మించిన వెడల్పున్న వాహనాలకు అమెరికా ఫెడరల్ నిబంధన వాటిని తప్పనిసరి చేసింది. మామూలు ఎఫ్-150 వెడల్పు 79.9 అంగుళాలే కాబట్టి మీకు అవసరం లేదు. పెట్టుకుంటే ఫ్యూజు వేసి వైరింగ్ చేయండి.

అసలు చూసుకోవాల్సింది రాడార్. అడాప్టివ్ క్రూజ్ ఉన్న బండిలో రాడార్ ముందు భాగంలోనే ఉంటుంది. అది ఎక్కడుందో ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. దాని ముందు స్టీల్ మెష్ గానీ మెటాలిక్ రంగు గానీ ఉంటే తరంగాలు సరిగా పోవు, ముందున్న బండి దానికి కనబడదు. చాలా ఎఫ్-150లలో గ్రిల్ వెనక తెరుచుకుని మూసుకునే షటర్లు కూడా ఉంటాయి. వాటి రెక్కలకు ఏదీ తగలకూడదు.

ప్రశ్న: గ్రిల్ ముందు బుల్ గార్డు, లోపల ఎరుపు-నీలం ఎల్ఈడీలు పెట్టించాలని మా అబ్బాయి పట్టు. పోలీసులు ఆపుతారా?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: రెండూ వద్దని చెప్పండి. బుల్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ముందు వైపు ఎర్ర దీపం వెలిగించడాన్ని మోటారు వాహనాల నియమాలు నిషేధిస్తున్నాయి.

చట్టం సంగతి అలా ఉంచండి. బంపరు నలిగితే దెబ్బ కొంత అక్కడే ఆగుతుంది; ఇనుప గార్డు నలగదు, ఆ అదురును నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయమూ తప్పవచ్చు. రోడ్డు దాటే మనిషికి తగిలితే ప్రాణానికే ముప్పు. ఆ డబ్బుతో లోడు వేసినప్పుడు ఎదుటివాళ్ల కళ్లల్లో పడకుండా హెడ్‌లైట్లు సరిచేయించమనండి. గ్రిల్‌కు నచ్చిన రంగు వేసుకోమనండి, ఆ సరదాను కాదనకండి.