చిట్టితల్లికి, క్యాబినెట్ కొనే ముందు

కంకిపాడు

చి. చిట్టితల్లిని పెదనాన్న దీవించి వ్రాయునది.

ఉగాది దాటాక బెంగుళూరు ఖాళీ చేసి ఇక్కడికే వచ్చేస్తున్నావనీ, మేడ మీద గదిలో కూర్చుని పని చేసుకుంటావనీ మీ అమ్మ చెప్పింది. అది మంచిదా కాదా అన్నది నీకూ మీ నాన్నకూ మధ్య సంగతి, నేను తలదూర్చను. పోయినసారి దూర్చితే ఏమైందో నీకు తెలుసు. నా బెంగ వేరే. కొత్త కంప్యూటర్‌కి నువ్వు ఎంచుకున్న క్యాబినెట్ ఇదేనంటూ మీ అమ్మ ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. ముందువైపు అద్దం, పక్కన అద్దం, లోపల రంగురంగుల దీపాలు. "గాలి ఎటునుంచి పోతుందమ్మా ఇందులోకి?" అని అడిగితే, "అదంతా దానికి తెలుసులెండి బావగారూ" అంది. అప్పట్నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

నవ్వకు. మోటార్లకు తీగ చుట్టి బతికినవాడికి కంప్యూటర్ గురించి ఏం తెలుసనుకుంటావేమో. కంప్యూటర్ గురించి తెలియదు, కాలిన వాసన గురించి తెలుసు. మోటారైనా, ట్రాన్స్‌ఫార్మరైనా, నీ కంప్యూటరైనా, కరెంటు తినేది ఏదైనా వేడి కక్కుతుంది. ఆ వేడిని ఏదో ఒకటి మోసుకుపోవాలి. మా పనిలో ఒక లెక్క ఉంది: పది డిగ్రీల వేడి పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమైపోతుంది. మొన్న గవర్నర్‌పేట వెళ్లి కంప్యూటర్లు బిగించే ఒక కుర్రాణ్ణి కదిపాను. మదర్‌బోర్డు మీదా, పవర్ సప్లైలోనూ ఉండే కెపాసిటర్లకి కూడా దాదాపు అదే లెక్కట. ఇక నాకు భయం వెయ్యదూ?

బెంగుళూరులో నీకు ఈ బాధ లేదు. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అందుకే చల్లగా ఉంటుంది. మన మేడగది శ్లాబు పొద్దంతా కాగి, అర్ధరాత్రి దాకా వేడి దించుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో ఆ గది గోడకు వీపు ఆనించలేం. 2015 మే నెల వడగాలులకు మన రెండు రాష్ట్రాల్లో రెండు వేలమందికి పైగా పోయారు, ఆ ఎండలు నువ్వూ చూశావు. నెట్‌లో క్యాబినెట్లకు మార్కులు వేసేవాళ్లు ఇరవై, పాతిక డిగ్రీల గదుల్లో కూర్చుని వేస్తారు. ఫ్యాన్ గాలిని కదుపుతుందే గానీ చల్లబరచదు. గదిలో 25 ఉన్నప్పుడు 70 చూపించే చిప్, గదిలో 40 ఉంటే 85కి పోతుంది. 95, 100 దగ్గర పడితే ప్రాసెసర్ తనను కాపాడుకోడానికి తనే వేగం తగ్గించుకుంటుంది. నీ బిల్డింగుల వీడియోలు రాత్రంతా రెండర్ అవుతాయన్నావు. తెల్లారేసరికి అవ్వాల్సింది మధ్యాహ్నం దాకా సాగుతుంది, నువ్వూ దానికి కాపలాగా మేలుకునే ఉంటావు. మొన్న ఫోన్లో నీ గొంతు పీలగా వినిపించింది. రాత్రిళ్లు అన్నం తింటున్నావా, బిస్కెట్లతో సరిపెడుతున్నావా? నిజం చెప్పు.

డబ్బా సంగతికొస్తా. దీపాలు తరవాత, ముందు దాని ముఖం చూడు. ముఖమంతా సన్నచిల్లుల జాలీ ఉండాలి. కోర్సెయిర్ వాళ్లు 2020లో ఒకే క్యాబినెట్‌ని రెండు రకాలుగా తెచ్చారు. 4000డీ అంటే మూసిన రేకు ముఖం, 4000డీ ఎయిర్‌ఫ్లో అంటే చిల్లుల ముఖం. తయారుచేసినవాడే ఇలా విడదీసి అమ్మాడంటే తేడా ఎక్కడుందో అర్థం కావడంలేదూ? రేకో అద్దమో బిగించి, అంచుల్లో వేలు దూరనంత సందు వదిలి, లోపల మూడు ఫ్యాన్లు పెట్టి అమ్మేవీ ఉన్నాయి. కిటికీ తలుపులన్నీ మూసేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసిన వంటగదిలో పొగ బయటికి పోతుందా? ఇదీ అంతే.

నీకు అద్దం మీదే మనసుంటే, లియాన్ లీ ఓ11 డైనమిక్ లాంటివి ఉన్నాయిట. అవి ముఖం నుంచి కాకుండా అడుగు నుంచీ పక్క నుంచీ గాలి తీసుకుంటాయి. ఓ11కి ఫ్యాన్లన్నీ విడిగా కొనుక్కోవాలి. పైగా అడుగు నుంచి తీసుకునే గాలి నేలకు దగ్గర గాలి. మన ఇంట్లో నేల మీద ఏముంటుందో నీకు చెప్పాలా?

నేను పని నేర్చుకునే రోజుల్లో గుడివాడ వైపు ఒక రైస్ మిల్లులో మోటారు ప్రతి సీజన్‌లోనూ కాలిపోయేది. తీగ మార్చేవాళ్లం, వార్నిష్ వేసేవాళ్లం, మళ్లీ కాలేది. ఒక ఏడు మా మేస్త్రి స్వయంగా వచ్చాడు. ఊక దుమ్ము పడకూడదని మిల్లు యజమాని మోటారు చుట్టూ చెక్కలతో గూడు కట్టించాడు. మేస్త్రి మోటారు ముట్టుకోలేదు. సుత్తి అడిగి, వెనక ఫ్యాన్ కవర్ ఉన్న వైపు రెండు పలకలు ఊడగొట్టి, అక్కడ తీసి కడుక్కునే ఇనుప జాలీ బిగించమన్నాడు. యజమాని మొహం చూడాలి! వైండింగ్ డబ్బులు ఇస్తాను గానీ పలకలు ఊడగొట్టినందుకు ఇవ్వనన్నాడు. మేస్త్రి టీ తాగి లేచొచ్చాడు. ఆ మోటారు మళ్లీ మా షాపుకి రాలేదు. అందువల్ల మాకొచ్చే రాబడీ పోయింది, అది వేరే సంగతి.

దుమ్ముకి భయపడి గాలి ఆపకూడదు, దుమ్మున్న చోట జాలీ లేకుండానూ ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నా మాట విను, మిగతావి నీ ఇష్టం. నువ్వొచ్చేసరికి దాళ్వా కోతలు. కోత మిషను పొలంలో దిగితే ఆ పొట్టు మేడదాకా వస్తుంది. ఇంటి ముందేమో హైవే, మార్కెట్ యార్డుకొచ్చే లారీలు. వానాకాలం తేమకు ఆ దుమ్ము పేస్టులా అతుక్కుంటుంది, బ్రష్షుకి లొంగదు. అందుకని ముఖానికీ, అడుగున పవర్ సప్లైకీ ఫిల్టర్లు ఉండాలి. డబ్బా కదపకుండా ముందుకి లాగి తీసేవైతే మంచిది. అడుగున ఫిల్టర్ వెనక్కి లాగాల్సొస్తే నువ్వు తియ్యవు. ఎందుకు తియ్యవో మీ అమ్మకీ నాకూ తెలుసు. పదిహేను రోజులకోసారి తీసి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టు. లోపల దుమ్ము ఊదేది మన షాపు బ్లోయరే. కరెంటు తీసేసి ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది అదుపు లేకుండా తిరిగి బేరింగు పోతుంది. ఆదివారం నేనే వచ్చి చేస్తాలే, నువ్వు పడుకో.

ఫ్యాన్ల లెక్క చెబుతా. ముందు 140 మిల్లీమీటర్లవి రెండు లోపలికి, వెనక 120ది ఒకటి బయటికి. లోపలికొచ్చే గాలి కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికే తోసుకొస్తుంది, దుమ్ము ఫిల్టర్ దాటి దొడ్డిదారిన రాదు. పైన ఫ్యాన్ పెట్టాలనుకుంటే వెనక మూలకి పెట్టు. ముందు మూలన పెడితే అప్పుడే వచ్చిన చల్లగాలిని చిప్‌కి చేరకముందే లాగేస్తుంది. పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరిగినా చాలినంత గాలి ఇస్తుంది, రొద ఉండదు. వేగం సగమైతే ఫ్యాన్ తినే కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఇది మోటారు వాళ్లందరికీ తెలిసిన లెక్కే. బిగించాక ముఖం దగ్గర అగరొత్తి వెలిగించి చూడు. పొగ లోపలికి వెళ్లాలి, వెనక నుంచి పోవాలి. ముందుకే తిరిగొస్తే ఫ్యాన్ తిరగేసి బిగించారన్నమాట.

వెనక కార్డుల సందులకు వేసే రేకు ముక్కలు ఒక్కటీ పారెయ్యకు. అక్కడినుంచి బల్లి దూరుతుంది. మోటారు స్టార్టర్ డబ్బాల్లో కాంటాక్టుల మధ్య మాడిపోయిన బల్లుల్ని ఎన్నిసార్లు తీశానో. బల్లి పోతుంది, దాంతోపాటు స్టార్టరూ పోతుంది. అలాగని గాలి పోయే దారి మూసెయ్యకు.

1977 నవంబరు 19 ఉప్పెన తరవాత మేస్త్రితో కలిసి అవనిగడ్డ వెళ్లిన సంగతి నీ చిన్నప్పుడు చెప్పాను, అవన్నీ మళ్లీ రాయలేను. ఒక్కటి చెబుతా. ఉప్పునీళ్లలో నానిన మోటార్లు విప్పి, మంచినీళ్లతో కడిగి, పెట్టెల్లో పెట్టి లోపల బల్బులు వెలిగించి ఆరబెట్టేవాళ్లం. నేను వేడి పోకూడదని పెట్టె గట్టిగా మూయబోతే మేస్త్రి ఆపి, పైన చిల్లు పెట్టించాడు. తేమ పోయే దారి లేకపోతే ఎంత కాచినా తీగ ఆరదు. చుట్టూ అంత చావు చూస్తూ కూడా ఆయన ఆ చిల్లు మరిచిపోలేదు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు నెమ్మదిస్తాయి.

మిగతావి నీకే బాగా తెలుసు. గ్రాఫిక్స్ కార్డు 300 మిల్లీమీటర్లు దాటితే డబ్బాలో అంత చోటుందా, కూలర్ 160 ఎత్తుంటే పక్క అద్దం మూసుకుంటుందా, కొనే ముందు రెండూ చూసుకో. దీపాలు కావాలంటే పెట్టుకో. ఈ వయసులో కాకపోతే ఎప్పుడు పెట్టుకుంటావు?

ఏసీ పెట్టిస్తానన్నావు, పెట్టించు. కానీ నీ కంప్యూటర్ 400 వాట్లు తింటే ఆ 400 వాట్ల వేడీ గదిలోకే వస్తుంది. ఎంత మంచి డబ్బా అయినా వేడిని తన కడుపులోంచి నీ గదిలోకి తోస్తుంది, అంతే. అందుకని పడమటి వెంటిలేటర్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించేశాను. తూర్పు కిటికీకి దోమల జాలీ కొట్టించాను. ఏసీ లేని పూట ఆ రెండూ పనిచేస్తాయి. ఖర్చు సంగతి మీ నాన్నతో అనకు.

కార్డు పొడుగు, కూలర్ ఎత్తు, డబ్బా ముఖం ఫోటో నాకు పంపి, ఆ తరవాతే ఆర్డరు పెట్టు. వేళకి తిను.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: టేబులు చేసే వడ్రంగి కింద తలుపున్న అలమర పెట్టి డబ్బాని అందులో దాచేద్దామన్నాడు, చూడ్డానికి నీటుగా ఉంటుందని. వెనక పలక, తలుపు రెండూ వద్దన్నాను. నేల నుంచి జానెడు ఎత్తున పీట కొట్టమన్నాను, వెనక గోడకి అరచెయ్యి పట్టేంత ఎడం ఉండాలన్నాను. అతను ఫోన్ చేసి నిన్ను ఒప్పించబోతే ఒప్పుకోకు.