ప్రశ్నలు - జవాబులు: తొమ్మిదో తరగతిలో చంటిబిడ్డ

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీ వైపున్న బార్కస్‌లో టీచర్‌గా చేస్తున్నాను. తొమ్మిదో తరగతికి పసిపిల్లల పెంపకం గురించి నాలుగు ముక్కలు చెబుదామంటే, అప్పుడే పెళ్లి ఆలోచనలు ఎక్కించొద్దని తల్లులు అడ్డుపడుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: ఆ తల్లుల భయాన్ని తీసిపారేయడానికి లేదు. తాత వయసున్న సౌదీ వ్యక్తికి కట్టబెట్టిన పదేళ్ల హైదరాబాద్ పాపను, విమానంలో ఆమె ఏడుపు చూసి ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లూవాలియా కాపాడింది 1991లో. పాతబస్తీ దాన్ని మరిచిపోలేదు. అందుకే పాఠం చట్టంతోనే మొదలుకావాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాకే పెళ్లి. తెలంగాణ సర్కారు పెళ్లికిచ్చే షాదీ ముబారక్ సాయం కూడా 18 నిండిన పెళ్లికూతురికే.

పద్ధతి తప్పితే పాఠం బెడిసికొట్టే మాటా నిజమే. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 13-15 ఏళ్ల అమ్మాయిలకు ఏడ్చే ఎలక్ట్రానిక్ బొమ్మనిచ్చి వారాంతం సాకమన్నారు, చిన్న వయసులో తల్లులు కాకుండా ఆపాలని. తీరా 20 ఏళ్లు వచ్చేలోగా వాళ్లలో 17 శాతం మంది గర్భం దాల్చారు. బొమ్మ ఇవ్వని స్కూళ్లలో అది 11 శాతమే. 2016లో లాన్సెట్ పత్రిక ఈ లెక్క ప్రచురించింది. టొరంటోలో మేరీ గోర్డన్ 1996లో మొదలుపెట్టిన 'రూట్స్ ఆఫ్ ఎంపతీ' దారి వేరు. బడి ఉన్న పేటలోని నిజమైన బిడ్డే అమ్మతోనో నాన్నతోనో ఏడాది పొడవునా తరగతికి వస్తుంటుంది. ఎందుకు ఏడుస్తోందో, ఏం కావాలంటోందో పిల్లలు గమనిస్తారు.

బార్కస్‌కు బొమ్మలు అక్కర్లేదు. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల వారసులుండే ఈ పేటలో, నాన్న గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు చాలా. చంటిదాన్ని చంకనేసుకు తిరిగేది అక్క. తప్పించుకునేది అన్న. కాబట్టి ఈ పాఠం ముందు మగపిల్లలకు కావాలి! ఏడుపు ఎంతకీ ఆగకపోతే పాపను పట్టి కుదపకూడదని, కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణమే పోవచ్చని, భద్రంగా పడుకోబెట్టి కాసేపు పక్కకెళ్లి కోపం తగ్గించుకోవాలని ఎంతమంది కుర్రాళ్లకు తెలుసు? కేంద్రం 2020లో తెచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలున్నాయి. పోషణ ఉంది, స్త్రీపురుష సమానత్వం ఉంది, పసిబిడ్డ పెంపకం మాత్రం విడిగా లేదు. చేర్చి తీరాలి. ఈలోగా అభ్యంతరం చెప్పిన తల్లుల్లోనే ఒకరిని చంటిబిడ్డతో సహా తరగతికి పిలవడం మంచిది.

ప్రశ్న: ఇవన్నీ ఆడపిల్లలకు నేర్పితే చాలదా?

జవాబు: చాలదు.

ప్రశ్న: పదో తరగతి అబ్బాయిని. అమ్మ పనికెళ్లినప్పుడు ఏడాది చెల్లికి విరేచనాలైతే ఏం చేయాలి?

జవాబు: ఇలా అడిగే అబ్బాయిలు ఇంటింటా ఉండాలి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుకో చిటికెడు అంటూ అంచనాలు వేయకూడదు. విరేచనమైన ప్రతిసారీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. పాలు, అన్నం ఆపకూడదు. కళ్లు లోతుకుపోయినా, పాప మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా అమ్మ వచ్చేదాకా ఆగకుండా పక్కింటి పెద్దవాళ్లను పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.